వంటగట్టులో మిగిలిన రాయి

జూన్ 19, బుధవారం

మళ్లీ ట్రాలీ ఆటో. పొద్దున తొమ్మిదింబావుకు కారు తీద్దామని దిగితే, మా అపార్ట్‌మెంట్ కింద ఓంప్రకాశ్ హోల్‌సేల్ దుకాణం ముందు నూనె డబ్బాలు దింపుతున్నారు. ట్రాలీ నా కారుకు అడ్డంగా ఉంది. హారన్ కొడితే డ్రైవర్ రెండు చేతుల్లో రెండు డబ్బాలతోనే తల ఊపాడు.

"అయిపాయె మేడం. ఇంకో ఆరే."

ఆ ఆరు అయ్యేసరికి కాలేజీలో నా మొదటి పీరియడ్ సగం పోయింది.

అతని పేరు రాజలింగు అట. మా మెట్లు ఊడ్చే శంకరవ్వ చెప్పింది. సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసేవాడట. నేత పని సగానికి పడిపోయాక ట్రాలీ కొనుక్కుని కరీంనగర్ వచ్చాడట. నేను అడగలేదు, ఆమే చెప్పింది. పేరు తెలిస్తే తిట్టుకోవడం కష్టమవుతుంది.

మార్చిలో మా అవ్వకు ఆయాసం వచ్చిన రోజు కూడా గల్లీలో ఉన్నది ఇదే ట్రాలీ. అంబులెన్స్ లోపలికి రాలేక ఆగిపోయింది. ఐదు నిమిషాలు.

జూన్ 21

అసోసియేషన్ మీటింగ్. సెక్రటరీని నేనే. ఎం.ఏ. చదివినావు, రాతకోతలు నువ్వే చూడు అని అంటగట్టారు. ఎనిమిది ఫ్లాట్ల వాళ్లూ ఒకటే మాట, దుకాణం ముందు ఖాళీ స్థలంలో ట్రాలీలు ఆగకూడదని. ఆ స్థలంలో మన కార్లే రెండు పడతాయని. ఒకటి నాదే. ఇప్పటికే పెడుతున్నాను.

పాత ఫైలు తిరగేశాను. మున్సిపాలిటీ వాళ్లు ముద్ర వేసిన బిల్డింగ్ ప్లాను ఉంది. దుకాణం ముందు చుక్కల గీతతో ఒక చతురస్రం, దాని లోపల "సరుకు దింపు స్థలం" అని. పద్దెనిమిదేళ్ల కిందటి ప్లాను. అప్పుడు ఈ గల్లీలో కార్లే లేవు.

ఫైలు మళ్లీ బీరువాలో పెట్టాను. మీటింగులో చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

జూన్ 23, ఆదివారం

నా భర్త ప్రేమ్‌సాగర్ బెల్లంపల్లి నుంచి వచ్చాడు. అక్కడ గనుల ఆఫీసులో పని, వారానికొకసారి ఇల్లు. అన్నం తింటూ ట్రాలీల సంగతి చెబితే నవ్వాడు.

"రోడ్డు మీద ఆపితే పోలీసులు ఫోటో కొడ్తరు. ఈడ ఆపితే నువ్వు హారన్ కొడ్తవు. ఇగ వాళ్లు ట్రాలీని నెత్తిన పెట్టుకుంటరా ఏంది?"

"వేరే జాగ చూసుకోవాలె."

"ఏడ?"

అవ్వ సంగతి ఎత్తితే అతను ఊరుకుంటాడని నాకు తెలుసు. ఎత్తాను. ఊరుకున్నాడు. ఆ రోజు పది నిమిషాలు ఆలస్యమైంది అన్నాను. ఒకసారి నా ముఖంలోకి చూసి పప్పు వేసుకున్నాడు.

జూన్ 27

దుకాణం ముందు స్థలంలో ఒక మూల రాయి పెట్టడం జరిగింది. పసుపు, కుంకుమ, వేపకొమ్మ. అంతే. మూత్రం పోయకుండా గోడల మీద దేవుడి బొమ్మలు అతికించడం అందరూ చేసేదే. దానికీ దీనికీ పెద్ద తేడా లేదు. కమిటీ నిర్ణయం అనుకోవచ్చు.

నా కారు దాని పక్కన పడుతుంది. వెనక్కి తిప్పే ట్రాలీ పట్టదు.

జూన్ 28

ఎనిమిదిన్నరకు రాజలింగు వచ్చాడు. అలవాటుగా వెనక్కి తీసుకుంటూ రాయిని చూడలేదు. శంకరవ్వ "ఓ లింగన్నా, ఆగు ఆగు" అని అరిచింది. టైరు తాకినట్టే ఉంది, తాకలేదేమో కూడా. దిగి చూశాడు.

"గిదెప్పుడు ఎలిసింది?"

"రాత్రికి రాత్రి," అంది శంకరవ్వ. పాపం ఆమెకు నిజంగానే తెలియదు.

వంగి రాయిని వేళ్లతో తాకి కళ్లకద్దుకున్నాడు. ట్రాలీ ఎక్కి గల్లీ బయటికి, పోలీసులు ఫోటో కొట్టని చోటు చూసుకుని, పెద్ద రోడ్డు అవతల పోయి ఆపాడు. నేను రెండో అంతస్తు కిటికీలో నిలబడి ఉన్నాను. ఇంత తేలిగ్గా అయిపోతుందని అనుకోలేదు.

ఈ రోజు కాలేజీకి టైముకు వెళ్లాను.

జూలై 7, ఆదివారం

ఆషాఢం మొదలైంది. పొద్దున లేచేసరికి రాయి ముందు కొబ్బరి చిప్పలు, రెండు అగరొత్తుల పుల్లలు. ఎవరు కొట్టారో తెలియదు. పై ఫ్లాట్ స్వరూప వాళ్లమ్మాయి ముగ్గు కూడా వేసింది. స్వరూప ఆ మీటింగులో గట్టిగా మాట్లాడినవాళ్లలో ఒకతె. రాయి ఎవరు పెట్టారో ఆమెకు తెలుసో లేదో నాకు తెలియదు. తెలిసినా తెలియనట్టు ఉంటున్నారేమో. నేనూ అలాగే ఉంటున్నాను.

జూలై 11

బీ.ఏ. రెండో సంవత్సరానికి గ్రామదేవతల పాఠం. ఒక దేవత ఎలా పుడుతుంది, ఎవరి అవసరం నుంచి పుడుతుంది అని బోర్డు మీద గీతలు గీసి చెప్పాను. వెనక బెంచీలో ఒకమ్మాయి, నవ్యశ్రీ, లేచి అడిగింది.

"మేడం, మరి మొదటి రాయి పెట్టినోళ్లకు తెలుస్తది గద, అది రాయే అని?"

"ఒక తరం గడిస్తే మర్చిపోతారు," అన్నాను.

ఒక తరం.

జూలై 16

ఓంప్రకాశ్ పైకి వచ్చాడు. ఆదిలాబాద్ మనిషి. తాతల నాడు పత్తి వ్యాపారం, ఇక్కడికొచ్చి నూనె, చక్కెర. కుర్చీలో కూర్చోమంటే అంచు మీద కూర్చున్నాడు.

"మేడం, నేను పద్దెనిమిదేండ్ల సంది ఈడ ఉన్న. పోశమ్మ మాత్రం మొన్నొచ్చింది."

"నమ్మకాల విషయం కదండీ. మనమేం చేస్తాం."

"నేను నమ్మొద్దంటలేను. పొద్దున నేనే మొక్కుతున్న. గానీ రాజలింగు సరుకంత రోడ్డు దాటి మోసుకొస్తుండు. మొదలు పదిహేను నిమిషాల పని. ఇప్పుడు గంటన్నర. మనిషి ఖతం అయితుండు. జర మీ ఫైళ్లల్ల చూడుండ్రి, ఈ జాగ గురించి ఏమన్న రాసున్నదా."

"చూస్తాను."

చాయ్ తాగకుండానే వెళ్లాడు. తలుపు దగ్గర ఆగి, "మీ అవ్వగారు పోయినంక మిమ్మల్ని కలువనేలేదు, ఏమనుకోకుండ్రి" అన్నాడు. తలుపు వేసుకున్నాను.

ఫైలు చూడలేదు. అందులో ఏముందో నాకు తెలుసు కదా, మళ్లీ చూడటం ఎందుకు.

జూలై 17

ఆ రోజు అంబులెన్స్ పావుగంట ఆగింది. పావుగంటలో ఎంతైనా జరగవచ్చు. డాక్టర్ అలా అనలేదు నిజమే. తేడా ఉండేది కాదన్నాడు. డాక్టర్లు అలాగే అంటారు.

జూలై 24

ముసురు. కిటికీలోంచి చూస్తే రాజలింగు నెత్తి మీద ప్లాస్టిక్ సంచి మడిచి పెట్టుకుని చక్కెర బస్తా మోసుకొస్తున్నాడు. మధ్యలో డివైడర్ ఎత్తుగా ఉంది. ముందు బస్తా దాని మీద దించి, తను ఎక్కి, మళ్లీ ఎత్తుకుంటాడు. అటు నుంచి బండ్లు. ఇటు నుంచి బండ్లు. ఎక్కువసేపు చూడలేకపోయాను. పేపర్లు దిద్దాల్సినవి ఉన్నాయి.

ఆగస్టు 2, శుక్రవారం

పదింటికి అయింది. నేను కాలేజీలో ఉన్నాను. శంకరవ్వ ఫోన్ చేసింది.

"బిడ్డా, లింగన్నను బండి గుద్దింది. డబ్బాలు పట్టుకొని డివైడర్ దిగుతుండె. వానల కనవడలేదట ఆ వ్యాన్ డ్రైవర్‌కు. కాలు నుజ్జయింది. రోడ్డంత నూనె. ఇంకో నలుగురు జారి పడ్డరు."

ప్రాణానికి భయం లేదట.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి ఎవరో రోడ్డు మీద నూనెకు ఇసుక పోశారు. ఆ ఇసుక మీద నుంచే కారు తోలుకొచ్చి, నా చోట్లో, రాయి పక్కన, పెట్టాను. వేరే ఎక్కడ పెట్టాలి.

ఆగస్టు 3

నేను నెట్టలేదు కదా.

ఆగస్టు 4

రాయి ముందు ఈ రోజు పదకొండు కొబ్బరికాయలు. "అమ్మ నెత్తురు చూసింది" అని గల్లీలో అంటున్నారట. శంకరవ్వ ఆ మాట చెప్పి నా మెట్లు రెండుసార్లు ఊడ్చింది.

ఆగస్టు 6

ఆసుపత్రికి వెళ్లాను. బత్తాయిలు కొన్నాను. దారిలో రెండుసార్లు వెనక్కి తిరుగుదామనుకున్నాను.

రాజలింగు కుడికాలికి రాడ్లు. మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. నన్ను చూసి లేవబోయాడు. ఆయన భార్య మల్లక్క భుజం పట్టి పడుకోబెట్టింది.

"మేడం, మీరెందుకొచ్చిండ్రు ఈడిదాక," అన్నాడు. తర్వాత, "అవ్వ మంచిగున్నదా?"

ఏ అవ్వ అని అడగబోయి ఆగిపోయాను.

"గా దినం మెట్ల మీదికెళ్లి కుర్చీల కూసోవెట్టి దించినం గద. మీరు అంబులెన్స్ తానికి ఉరికిండ్రు. ఒక పక్క నేను పట్టుకున్న, ఇంకో పక్క ఓంప్రకాశ్ సేటు. బక్కగున్నది పాపం, బరువే లేదు. మొదలు డబ్బాలు రోడ్డు మీదనే పారేసి బండి తీసిన. రెండు నిమిషాలు గూడ పట్టలే. అయినా నాకు మనసుల ఉండె, నా బండి అడ్డముండె గద అని. సేటును అడిగితే మాట తప్పిస్తడు, మిమ్మల్ని అడుగుదమంటే మీరు ఎప్పుడు కారు హడావుడిల ఉంటరు."

"బాగానే ఉంది," అన్నాను.

ఎందుకలా అన్నానో తెలియదు. మంచం మీదున్న మనిషికి చావు కబురు చెప్పకూడదని అనుకున్నానని ఇక్కడ రాసుకోవచ్చు. అలాగే రాసుకుంటున్నాను.

మల్లక్క వరండాలోకి నా వెంట వచ్చింది. గొంతు తగ్గించింది.

"మేడం, మీరు సదువుకున్నోళ్లు, నవ్వద్దు. మీ గల్లీల అమ్మ ఎలిసిన మొదటి దినం ఈయన బండి టైరు ఆమెకు తాకింది. దిగి మొక్కిండు గని చెప్పులు ఇడువలే. గప్పటి సంది నా పానం కొట్టుకుంటనే ఉన్నది. సల్లగ జూడమ్మా అని బోనం మొక్కుకున్న. కాలు నిలవడితే చాలు. బ్రేకు తొక్కే కాలు అది."

"అట్లేం కాదు మల్లక్కా. రోడ్డు మీద వానల..."

"వాన అందరి మీద పడ్డది గద మేడం," అంది. "ఈయననే ఎందుకు గుద్దాలె?"

రెండు నిమిషాలు.

ఆగస్టు 7

రెండు నిమిషాలు.

ఆగస్టు 11, ఆదివారం

ప్రేమ్‌సాగర్‌కు చెబుదామని పొద్దుటి నుంచి చూశాను. బజారుకు వెళ్లి కూరగాయలు తెచ్చి, సంచి వంటగట్టు మీద పెట్టి, అతనే అన్నాడు.

"కింద ఉన్నది మన గట్టుకు కోసిన గ్రానైట్ ముక్కే గద?"

నేను కొత్తిమీర ఏరుతున్నాను.

"మేస్త్రీ మూలకు గాటు పెట్టిన ముక్క అది. జూన్‌ల బాల్కనీల ఉండె, ఇప్పుడు లేదు. అప్పుడే అనుకున్న. నువ్వు చెప్తవేమో అని చూసిన."

"కమిటీ..."

"పద్మా."

అప్పుడు చెప్పాను. పొద్దున నాలుగున్నరకు నేనే చీర కొంగులో చుట్టి దించాను. పాలిష్ ఉన్న వైపు మట్టిలోకి, గరుకు వైపు పైకి పెట్టాను, రాయి పాతదిలా కనపడాలని. పసుపు అవ్వ పూజ డబ్బాలోది. ఇప్పుడు ఇది రాస్తుంటే, ఎంత ఆలోచించి చేశానో నాకే తెలుస్తోంది. చరిత్ర చదివిన చదువు ఒక్కసారి అక్కరకొచ్చింది, దీనికి.

"తీసెయ్," అన్నాడు. "ఫైలు గూడ బయట పెట్టు."

ఎంత తేలిక. అతను సాయంత్రం బస్సుకు బెల్లంపల్లి వెళ్లిపోయాడు.

ఆగస్టు 13

పొద్దున్నే కిందికి దిగాను. శంకరవ్వ అప్పుడే చీపురుతో వచ్చింది. ఈ రాయిని ఒక పట్టు పట్టి పక్కకు జరుపుదాం రమ్మన్నాను.

ఆమె చీపురు కింద పెట్టింది. "నేను ముట్ట బిడ్డా. నాకు మనుమరాండ్లు ఉన్నరు."

"నేనే పెట్టిన శంకరవ్వా అది."

ఆమె నన్ను జ్వరం ఉందా అన్నట్టు చూసింది. "అవ్వ పోయిన సంది నీ మనసు మంచిగ లేదు. పో, పోయి చాయ్ తాగు."

ఒక్కదాన్నే వంగాను. రాయి చుట్టూ ఎవరో సిమెంట్ గట్టు కట్టించారు. ఎప్పుడు కట్టారు? నేను రోజూ దాని పక్కనే కారు పెడుతున్నాను.

ఆగస్టు 14

ప్లాను జిరాక్సు తీసి అన్ని ఫ్లాట్లకూ ఇచ్చాను. ఓంప్రకాశ్‌కు కూడా. స్వరూప ఫోన్ చేసింది: "పద్మక్కా, కాయితం మంచిదే. మరి అమ్మను ఏడ పెడ్తం?"

ఓంప్రకాశ్ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "జూలైల ఇస్తే అయిపోతుండె మేడం," అన్నాడు. కోపంగా అనలేదు.

ఆగస్టు 18, ఆదివారం

ఈ రోజుది రాయడానికి రెండుసార్లు కూర్చుని లేచాను.

శ్రావణ ఆదివారం. మల్లక్క బోనం తెచ్చింది. చిన్న కుండ, మీద దీపం, వేపాకు. వెంట ఎవరూ లేరు, డప్పు లేదు. రాజలింగు ఇంకా మంచం మీదే. డాక్టర్లు పాదం కదలదన్నారట. నేను కారు తీసి గల్లీ బయట పెట్టి వచ్చాను. ఆ ఒక్క పని మాత్రం అడగకుండానే చేశాను.

ఆమె కుండ దించకముందే చెప్పాలనుకున్నాను. దించాక చెబితే ఇంకా పాపం అనిపించింది. పాపం అన్న మాట నాకు ఎక్కడి నుంచి వచ్చిందో.

"మల్లక్కా, జర ఆగు. ఈ రాయి నేను పెట్టిన. అమ్మ కాదు, ఏం కాదు. ట్రాలీలు ఆగొద్దని పెట్టిన. మా ఇంట్ల వంటగట్టుకు కోసినంక మిగిలిన ముక్క ఇది. లింగన్న తప్పేం లేదు. టైరు తాకినా ఏం కాదు. నా వల్లనే ఆయన రోడ్డు దాటవలసొచ్చింది. మా అవ్వ గూడ మార్చిలనే పోయింది. మొన్న అబద్ధం చెప్పిన."

ఇవన్నీ ఒక్క ఊపిరిలో చెప్పాను. ఆమె ముఖంలో ఏమీ కదలలేదు. నమ్మలేదనుకున్నాను.

"అడుగు చూడు, పాలిష్ ఉంటది," అన్నాను. "మూలకు మేస్త్రీ గాటున్నది."

మల్లక్క కుండను గట్టు మీద పెట్టింది. చెప్పులు ఎప్పుడో విడిచింది. కూర్చుని, సిమెంటుకూ రాయికీ మధ్య సందులో కొబ్బరి చిప్ప దూర్చి లేపింది. వానకు నానిన నాసి సిమెంటు, తొందరగానే వదిలింది. రాయిని రెండు చేతులతో ఒళ్లోకి తిప్పుకుంది. తడి మట్టి అంటుకుని ఉంది. కొంగుతో తుడిచింది. తుడిచిన కొద్దీ నల్లగా, నిగనిగలాడుతూ, వేపకొమ్మ, ఆకాశం, ఆమె ముఖం అన్నీ అందులో కనపడ్డాయి.

మూలన ఉన్న గాటును వేలితో తడిమింది.

"మొఖం కిందికి పెట్టినవా మేడం?" అంది.

నాకు అర్థం కాలేదు.

"రెండు నెల్ల సంది మొఖం మట్టిల పెట్టుకొని ఉన్నది తల్లి. ఊపిరాడక... గందుకే." కొంగుతో మళ్లీ తుడిచింది. "గందుకే మేడం."

శంకరవ్వ బిందెతో నీళ్లు తెచ్చింది. ఇద్దరూ కలిసి కడిగారు. పాలిష్ వైపు పైకి పెట్టి కూర్చోబెట్టారు. పసుపు అలికారు, కళ్ల చోట కుంకుమ. దీపం వెలిగించాక మల్లక్క లేచి నా దగ్గరికొచ్చి నా నుదుటన బొట్టు పెట్టింది.

"పోనీ మేడం. మీకు తెల్వక పెట్టిండ్రు. అమ్మనే మీ చేతుల మీదికెళ్లి వచ్చింది, మీకేం తెలుస్తది." కాస్త ఆగి, "అవ్వ పోయిందా? పాపం. ఈయనకు నేను మెల్లగ చెప్త. మస్తు బాధపడ్తడు," అంది.

నేను చేయని తప్పుకు నన్ను క్షమించి, కుండ ఎత్తుకుని వెళ్లిపోయింది. చేసిన తప్పు నా దగ్గరే ఉంది.

ఆగస్టు 19

బొట్టు నిన్న రాత్రి కడుక్కోలేదు. మర్చిపోయాను అనుకుంటున్నాను.

సెప్టెంబరు 9

రాజలింగు ట్రాలీ అమ్మేశాడట. కొన్నది జమ్మికుంట మనిషి, పత్తి మార్కెట్‌కు తోలుతాడట. మల్లక్క బీడీలు చుడుతోంది. ఓంప్రకాశ్ దుకాణంలో కూర్చునే పని ఇస్తానన్నాడు, గల్లాపెట్టె దగ్గర. రాజలింగు ఆలోచిస్తానన్నాడట. ప్రేమ్‌సాగర్ ఇవన్నీ కనుక్కుని వచ్చి చెప్పాడు. నేను వెళ్లలేదు. నేను వెళ్తే మళ్లీ లేవబోతాడు.

రాయి మీదికి రేకు కప్పు వచ్చింది. నా కారు ఇప్పుడు కాలేజీ దగ్గర పెట్టి షేర్ ఆటోలో వస్తున్నాను. ఆ స్థలంలో ఏ కారూ పట్టదు, ఏ ట్రాలీ కూడా.

సెప్టెంబరు 23

కొత్త డ్రైవర్ వచ్చాడు. సన్నటి మనిషి, యాభై దాటి ఉంటాయి. పెద్ద రోడ్డు అవతల ట్రాలీ ఆపాడు. ఎవరూ చెప్పలేదు, అందరూ అక్కడే ఆపుతున్నారు కాబట్టి.

నేను కిటికీలో నిలబడి గడియారం చూశాను.

డివైడర్ మీద డబ్బాలు దించి, ఎక్కి, మళ్లీ ఎత్తుకుని దిగుతున్నాడు. అటు చూస్తున్నాడు, ఇటు చూస్తున్నాడు. గల్లీలోకి వచ్చి రాయి ముందుకు రాగానే, రెండు డబ్బాల బరువుతోనే, ఒక కాలితో ఇంకో కాలి చెప్పు తోసి విడుస్తున్నాడు. దాటాక వెనక్కి వచ్చి తొడుక్కుంటున్నాడు. ప్రతిసారీ.

నలభై డబ్బాలు. రెండేసి చొప్పున ఇరవై సార్లు.

తొమ్మిదో సారి వరకు చూశాను.